రెండో రీడింగ్

2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో ద్రౌపది ముర్ము ఎన్టీఆర్ శతజయంతి నాణేన్ని విడుదల చేస్తుంటే, పాల్వంచలో మా పక్కింటి బాబాయి టీవీ ముందు నుంచి కదల్లేదు. వంద రూపాయల నాణెం. 44 మిల్లీమీటర్ల వెడల్పు, 35 గ్రాముల బరువు. సగం వెండి, 40 శాతం రాగి, మిగతాది నికెలూ జింకూ. అచ్చయింది మన హైదరాబాద్ టంకశాలలోనే. బాబాయికి ఇద్దరు కూతుళ్లు. అందుకని రెండు తెప్పించారు. ఇల్లైనా పొలమైనా చెరిసగం అని ముందే చెప్పిన మనిషి, అభిమానాన్నీ అట్లాగే పంచాలనుకున్నారు.

హైదరాబాద్‌లో ఉండే పెద్దల్లుడికి నాణేల సరదా ఉంది. "వీటిని గ్రేడింగ్‌కి పంపుదాం మావయ్యా, ఖర్చు నాది" అని తీసుకెళ్లాడు. అమెరికాలో పేరున్న సంస్థలు కొన్ని ఈ పని చేస్తాయి. నాణెం అసలుదా, దొంగదా, ఎవరైనా తోమారా అని నిపుణులు పరీక్షించి, 1 నుంచి 70 దాకా ఒక అంకె వేస్తారు. గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి పంపిస్తారు. దాన్ని స్లాబ్ అంటారు. ఈ పనిని నేను తేలిగ్గా చూడను. నైజాం కాలపు చార్మినార్ బొమ్మ వెండి రూపాయలు మా వైపు పాత ఇళ్లలో ఇంకా దొరుకుతాయి. అమ్మేముందు చింతపండు పెట్టి తళతళలాడేలా తోముతారు పాపం, ఆ తోముడుతోనే సగం విలువ పోతుందని తెలియక. అది తెలియనివాళ్లకు తోమినదాన్ని కొత్తదని అంటగట్టేవాళ్లూ ఉన్నారు. అలాంటి మోసం నుంచి కొనేవాణ్ని కాపాడేది గ్రేడింగే.

2024 సంక్రాంతికి అల్లుడు రెండు స్లాబులూ తెచ్చాడు. ఒకదాని మీద 70, రెండోదాని మీద 69.

పెద్దమ్మాయి భూతద్దం పెట్టి 70ని అటూ ఇటూ తిప్పి చూసింది. "నాన్నా, ఎక్కడైనా ఒక్క మచ్చ చూపించు చూద్దాం! అద్దంలా ఉంది" అంది. 69ని కూడా చూసి, "దీంట్లో అంచు దగ్గర ఏదో ఉంది" అని పక్కన పెట్టింది. ఖర్చు తమది, పెద్దది తను, కాబట్టి 70 తనకే అంది. చిన్నమ్మాయి ఏమీ అనలేదు గానీ, చిన్నల్లుడు అడిగేశాడు: "70కి మార్కెట్లో రేటు బాగా ఎక్కువట కదా. మరి ఆ తేడా సొమ్ము లెక్కలోకి రాదా?" పండగ పూట ఆ ఇంట్లో ఎవరి విస్తరి వాళ్లు తీసుకుని లేచారు. ఎవరికి ఏదన్నది దసరాకి చూద్దామని చెప్పి, బాబాయి రెండింటినీ బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఆయన మా ఊరి థర్మల్ విద్యుత్ కేంద్రం కేటీపీఎస్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో రిటైరయ్యారు. బాయిలర్ ప్రెషర్ గేజీలు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో పరీక్షించడమే ఉద్యోగమంతా ఆయన పని. ఆ రాత్రి లెన్సు పెట్టుకుని రెండు నాణేలనూ చాలాసేపు చూశారట. అంచు దగ్గరున్నదేమిటో ఆయన కంటికి అందలేదు. మర్నాడు నన్ను పిలిచి, "అసలీ 70 ఏందిరా? నూరు ఎందుకు కాలేదు?" అన్నారు.

నాకు తెలిసింది చెప్పాను. 1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ పాత రాగి సెంట్ల మీద పుస్తకం రాస్తూ పెట్టిన కొలత అది. బాగా అరిగిపోయి ఏ నాణెమో గుర్తుపట్టడమే గగనమైన 1794 నాటి సెంటు ఒక డాలరు పలికితే, అదే సెంటు చెక్కుచెదరకుండా దొరికితే డెబ్బై డాలర్లు పలుకుతుందని ఆయన అంచనా. 70 పుట్టింది అక్కడ. తర్వాత సెంట్ల ధరలు ఎటో వెళ్లిపోయాయి, అంకె మాత్రం నిలిచిపోయింది.

"అంటే ఇది ముందు ధర. తర్వాత కొలత అయింది."

"అవును బాబాయ్."

"మరి ఇప్పుడు 70 అంటే?"

టంకశాల నుంచి బయటపడ్డాక తగిలిన దెబ్బ ఏదీ 5 రెట్లు పెద్దదిగా చూపే అద్దంలో కనిపించకూడదని చెప్పాను.

"10 రెట్ల అద్దంలో చూస్తే?"

నేను మాట్లాడలేదు. లోహాన్ని ఎంత దగ్గరగా చూస్తే అంత గరుకు కనిపిస్తుంది. అచ్చు కింద పడి నలిగిన పలకకు లోపమే లేని ఉపరితలం ఎక్కడి నుంచి వస్తుంది? 70 అనేది నాణేనికి ఉన్న గుణం కాదని నాకెప్పటి నుంచో నమ్మకం. ఆ రోజు, ఆ వెలుతురులో, ఆ కళ్లకు లోపం కనబడలేదని చెప్పే మాట అది. ఆ మాటకు విలువ లేదనను. కానీ అది చూసినవాళ్ల మాట.

బాబాయి ఆలోచన వేరే దారిన పోయింది. "గేజీని నమ్మాలంటే ఒకటే పరీక్ష. అదే ప్రెషర్ మళ్లీ ఇస్తే అదే రీడింగ్ మళ్లీ చూపాలి" అన్నారు.

చేతికి నూలు గ్లవ్స్ వేసుకుని, హాక్సా బ్లేడుతో రెండు స్లాబులనూ అంచు వెంట కోశారు. ఏది ఏదో తర్వాత తెలియాలి గదా. అందుకని కంసాలి కాటా మీద తూచాం. 70 వచ్చినది 35.04 గ్రాములు, 69 వచ్చినది 34.91. చీటీ మీద తూకాలూ, వాటి ఎదురుగా అంకెలూ రాసుకుని జేబులో పెట్టుకున్నారు. కూతుళ్లకూ అల్లుళ్లకూ చెప్పకుండా హైదరాబాద్‌లో ఇంకో డీలరు ద్వారా అదే సంస్థకు పంపారు. ఈసారి ఖర్చు ఆయన పింఛనులోంచి. రెండింటికీ ఒకే అంకె వస్తే గొడవ తీరిపోతుందని ఆయన ఆశ.

ఆ ఆగస్టులో కేటీపీఎస్ పాత ప్లాంటు కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ పేల్చి కూల్చిన వారంలోనే పార్సిల్ వచ్చింది. మళ్లీ ఒకటి 70, ఒకటి 69. బాబాయి మాట్లాడకుండా పెట్టెలు కోసి తూచారు.

34.91కి 70. 35.04కి 69.

"మొదటిసారి కోసేటప్పుడు గీత పడిందేమో బాబాయ్" అన్నాను.

"పడిందే అనుకో. 70ది 69కి దిగింది. మరి 69ది 70కి ఎట్ల ఎక్కిందిరా?"

ఆయన ముఖంలో గెలిచిన సంతోషం లేదు. దసరా దగ్గర పడుతోంది. రెండింటినీ మూడోసారి పంపించి, ఏ పెట్టెలో ఏ తూకముందో తెలిసేలా ఈసారి పంపేముందే డీలరు తూచి రాసి ఇచ్చేలా మాట్లాడుకున్నారు. అంకెలు రెండోసారి వచ్చినట్టే వచ్చాయి. కూతుళ్లతో నిజం చెప్పేద్దామని నేను ఎంత పోరినా, "70 తనదని పెద్దది పంతం పట్టింది. 70 ఇస్తా" అన్నారు తప్ప ఇంకో మాట లేదు.

దసరాకి అనుకున్నది ఆలస్యమై, దీపావళి సెలవుల్లో జరిగింది ఆ పంపకం. నేనూ అక్కడే ఉన్నాను. పెద్దమ్మాయి 70 స్లాబు అందుకుని లెన్సు పెట్టి చూసి, "అద్దమే, అనుమానం లేదు" అని మురిసింది. చిన్నమ్మాయి తన 69ని ఒళ్లో పెట్టుకుని, "నాకేం తేడా కనబడట్లేదక్కా" అంది.

పెద్దమ్మాయి ప్రేమగా చెల్లెలి పక్కన చేరి లెన్సు చేతికిచ్చింది. ఎన్టీఆర్ బొమ్మ పక్కన అంచు దగ్గర గోటితో ఒక చోటు చూపించింది.

"ఇదిగో, వెంట్రుకంత గీత. నేను సంక్రాంతి రోజే పట్టేశాను. నాన్ననడుగు కావాలంటే."

చెల్లెలి ఒళ్లో ఉన్నది 35.04.