వాలూ లేదు, ఎదురూ లేదు

సివిలైజేషన్ 7 అనే కంప్యూటర్ ఆటవాళ్లు యుద్ధనౌకల్ని ఏట్లోకి ఎక్కించి మురిసిపోయారు. ఇక మంత్రాలూ డ్రాగన్లూ ఉన్న ఆటలవాళ్లు ఊరుకుంటారా? కత్తి పాతబడింది, గుర్రం పాతబడింది, ఇప్పుడందరికీ పడవ కావాలి. "మా లోకంలో నదుల మీద ప్రయాణం చేయొచ్చు" అని కంపెనీ ఒక్క ముక్క అనడమే ఆలస్యం, మావాళ్లు పొంగిపోతున్నారు. పొంగాల్సింది ఏరు నాయనలారా, మీరు కాదు.

నాది ఒక్కటే ప్రశ్న. ఆ నీళ్లు ఎటు పారుతున్నాయి?

సరదాకి అడగడం లేదు. సివిలైజేషన్ 6లో నది అంటే గడికీ గడికీ మధ్య గీసిన నీలం గీత. ఏడో భాగంలో దానికి ఏకంగా గడులే రాసిచ్చారు. సంతోషం. కానీ సముద్రం నుంచి కొండ మొదటికి ఎక్కే ఓడకీ, కొండ మొదటి నుంచి సముద్రానికి దిగే ఓడకీ అదే వేగం. ది విచర్ 3లో పడవ ముక్కు ఎటు తిప్పితే అటే పోతుంది. నీటికి ఏ అభిప్రాయమూ లేదు. అసాసిన్స్ క్రీడ్ వల్హల్లాలో నదుల మీద దోపిడీలు చేసుకోండని 2021లో ఓ అప్‌డేట్ ఉచితంగా ఇచ్చారు. ఆ నదుల్లో సెవర్న్ ఒకటి. అసలు సెవర్న్ ముఖద్వారంలో ఆటుకీ పోటుకీ తేడా 14 మీటర్ల దాకా ఉంటుంది. పెద్ద పోటు రోజుల్లో సముద్రం ఒకే అలగా లేచి, నదికి ఎదురు తిరిగి లోపలికి తోసుకొస్తుంది. దాన్ని చూడ్డానికి జనం గట్టున కాసుక్కూర్చుంటారు, సాహసవంతులు పలకలేసుకుని దాని మీద స్వారీ చేస్తారు. ఆటలో వైకింగ్ బాబుకి ఆ చింత లేదు. వెళ్లినంత సుఖంగా తిరిగొస్తాడు.

నైలు సంగతి చూడండి. నీరు ఉత్తరానికి పారుతుంది, గాలి ఎక్కువగా ఉత్తరం నుంచే వీస్తుంది. అంచేత దక్షిణానికి పోవాలంటే తెరచాప ఎత్తేవాళ్లు, ఉత్తరానికి రావాలంటే తెరచాప దించి నీటివాలున వచ్చేసేవాళ్లు. అంత పొడుగు దేశాన్ని ఒక్క రాజు ఏలగలగడంలో ఈ సదుపాయానికి పెద్ద వాటాయే ఉంది. సివిలైజేషన్ 7లో కూడా ఈజిప్టుకి నది గడుల మీద అదనపు ఉత్పత్తి ఇస్తారు. ఎందుకిస్తున్నారో మాత్రం ఆ నదికే తెలీదు, పాపం.

ద్నీపర్ సంగతి చూడండి. 10వ శతాబ్దపు బైజాంటియం చక్రవర్తి ఏడో కాన్‌స్టంటైన్ తన కొడుకు కోసం రాయించిన గ్రంథంలో ఉంది: కాన్‌స్టాంటినోపుల్ వెళ్లే రస్ వర్తకులు ఆ నదిలో నీరు బండల మీద విరుచుకుపడే చోట సరుకంతా దించి, పడవల్ని కొంత దూరం ఈడ్చీ కొంత దూరం మోసీ దాటించేవాళ్లు. పెచెనెగ్ దొంగలు కాపు వేసేదీ సరిగ్గా అక్కడే. ఏ ఆట రచయితకైనా ఇంతకంటే మంచి ఘట్టం దొరుకుతుందా? పడవ మనిషిని మోయడంలో కథ లేదు, మనిషి పడవని మోయాల్సి రావడంలో ఉంది. మీ ఆటల్లో ఆ బండలుండవు. ఉన్నా ఒడ్డున అందంగా ఉంటాయి.

అంత దూరం ఎందుకు? గోదావరి కాలువల్లో సరుకు పడవలు నడిచిన రోజుల్లో, గాలి కలిసిరాకపోతే మనుషులు గట్టు వెంట నడుస్తూ తాడు భుజానేసుకుని పడవని లాగేవాళ్లు. వోల్గా మీద అదే పని చేసినవాళ్లని చిత్రకారుడు రేపిన్ బొమ్మ కట్టాడు, 1873లో పూర్తయింది. ఆ మొహాలు ఓసారి చూడండి. నీరూ ఏడాదంతా ఒకేలా ఉండదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. వేసవిలో అదే నదిలో ఇసుక తిన్నెలు తేలతాయి. మీ మాయాలోకంలో ఏ నెల చూసినా గట్టుకి అదే ఎత్తున, అదే నీరు.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. నది మీద బతికినవాళ్ల చాకిరీ అంతా చెరిపేశారు. భయం చెరిపేశారు. ఎదురు చూడ్డం చెరిపేశారు. అందం ఒక్కటీ మిగిల్చి, దాన్నే 'ప్రయాణం' అని డబ్బులకి అమ్ముతున్నారు. మీరు పెట్టింది నది కాదు, తడి రోడ్డు. సాయంత్రపు వెలుతురులో నీళ్లెలా మెరుస్తున్నాయో చూడండని గొప్పలు! మెరుపు ఎవడిక్కావాలి? తెడ్డు బరువెక్కాలి. చెయ్యి నొప్పెట్టాలి. ఇవాళ వెళ్లకపోతేనేం అనిపించాలి.

పడవల ఆటల్లో మిగతా వింతలు ఒక్కో ముక్కలో తేల్చేస్తా. విచర్‌లో రోచ్ అనే గుర్రం పడవెక్కదు, కానీ ఏ దీవిలో దిగి ఈల వేసినా హాజరు. అదే ఆటలో స్కెలిగె సముద్రం నిండా ప్రశ్నార్థకాలు చల్లి, చివరికి 2022 డిసెంబరు అప్‌డేట్‌లో ఆ గుర్తుల్నీ పడవల గుర్తుల్నీ మ్యాపు మీద కనపడకుండా వాళ్లే దాచేశారు. 2018 నాటి గాడ్ ఆఫ్ వార్‌లో మిమిర్ తలకాయ పడవలోనే కథ చెబుతుంది, ఒడ్డు తగలగానే ఆపేస్తుంది. స్కల్ అండ్ బోన్స్‌ని 2017లో చూపించి 2024లో విడుదల చేశారు. యూబీసాఫ్ట్ అధిపతి దాన్ని 'క్వాడ్రపుల్-ఏ' ఆట అన్నాడు. సముద్రపు దొంగల ఆటే గానీ పక్క ఓడ మీదికి దూకి కత్తి తిప్పే భాగ్యం మాత్రం మనకి లేదు.

పోనీ, గాలికీ నీటికీ బలమివ్వడం చేతకాక అనుకుందామా? జెల్డా విండ్ వేకర్‌లో 2002లోనే గాలి చూసుకుని, అవసరమైతే దండం ఊపి దాని దిశ మార్చుకుని తెరచాప ఎత్తాల్సి వచ్చేది. 2013లో దాన్ని మెరుగులు దిద్ది మళ్లీ విడుదల చేస్తూ స్విఫ్ట్ సెయిల్ అనే కొత్త తెరచాప తగిలించారు: నువ్వెటు తిరిగితే గాలీ అటే తిరుగుతుంది! దిద్దడం అంటే ఇదన్నమాట. 2021లో అయిదుగురే మనుషులున్న స్వీడన్ కంపెనీ వల్‌హైమ్ తెచ్చింది. అందులో ఎదురుగాలికి తెరచాప పనిచెయ్యదు, మర్యాదగా తెడ్డు వేసుకోవాలి. కోరినప్పుడు గాలి కాసేపు వెనక నుంచే వీచాలంటే మోడర్ అనే డ్రాగన్‌ని చంపి ఆ వరం సంపాదించుకోవాలి. డెత్ స్ట్రాండింగ్‌లో కథానాయకుడు సామాన్లు మోసే మనిషి. లోతైన ఏట్లో అడుగు జారితే మనిషీ మూటలూ కొట్టుకుపోతాయి. 2019లో వచ్చిన ఆ ఆటని, కాలితో దాటే ఆ వాగుల్ని జనం ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.

"వాస్తవం ఎక్కువైతే ఆట పాడవుతుంది" అని పెద్దమనుషులు సర్ది చెబుతారు. ఎవరు ఈ మాటంటున్నది? ఎల్డెన్ రింగ్‌లో ఒకే రాక్షసుడి చేతిలో రాత్రంతా చచ్చి, పొద్దున్నే ఆ చావుల లెక్క గర్వంగా చెప్పుకునేవాళ్లు! రాక్షసుడు నలిపేస్తే వినోదం, డ్రాగన్ కాల్చేస్తే వినోదం, మామూలు నీళ్లు పడవని రెండు బారలు వెనక్కి నెడితే మాత్రం వాస్తవం ఎక్కువైపోతుందా? అంత భయమైతే ఆ నీళ్లు తోడేసి తారు పోయండి. డ్రాగన్లున్న లోకంలో షేర్ ఆటో తిరిగితే నేను అభ్యంతరం చెప్పను.