ఊరంతా ఉలిపికట్టెలే

పెద్ద ప్లినీ అని ఒక రోమన్ పండితుడు ఉండేవాడు. చెట్టూ చేమా, రాయీ రప్పా, జంతువులూ గ్రహాలూ దేన్నీ వదలకుండా రాసిపడేశాడు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలుతుంటే దగ్గరగా చూద్దామని ఓడ సిద్ధం చేయించి, మేనల్లుణ్ణి కూడా రమ్మన్నాడు. మేనల్లుడు చిన్న ప్లినీ. చదువుకోవాల్సింది ఉందని చెప్పి ఇంట్లోనే ఉండిపోయాడు. వెళ్ళిన మామ తిరిగి రాలేదు. మేనల్లుడు బతికి బట్టకట్టి, ఆ కథంతా తీరిగ్గా ఉత్తరాల్లో రాశాడు.

కాలిఫోర్నియాలో శాంటా రోసా అనే ఊళ్ళో రష్యన్ రివర్ అనే బ్రూవరీ ఉంది. హాప్స్ మొక్క గురించి మొదట రాసినవాడు పెద్ద ప్లినీయేనన్న నమ్మకంతో వాళ్ళు తమ ఐపీఏ రకం బీరుకి ఆయన పేరు పెట్టారు. ఆయన రాసింది ఆ మొక్క గురించేనా అని పండితులు ఇప్పటికీ సణుగుతూనే ఉన్నారు, అది వేరే సంగతి. అందులో ఆల్కహాలు 8 శాతం. అది చాలదని 2005లో 10 శాతం దాటిన ఇంకో ఐపీఏ చేసి దానికి మేనల్లుడి పేరు పెట్టారు. ఇది ఏడాదికి రెండు వారాలే దొరుకుతుంది. ఆ రెండు వారాలూ వేరే రాష్ట్రాల నుంచి, వేరే దేశాల నుంచి జనం దిగి, తెల్లారకముందే క్యూ కడతారు. మనిషికి ఇన్ని చిన్న గ్లాసులని లెక్క, లోపల ఇంతసేపే ఉండాలని గడువు. ఆ జాతర వల్ల ఎన్ని మిలియన్ల డాలర్ల వ్యాపారం జరిగిందో సొనోమా కౌంటీ వాళ్ళు లెక్కకట్టి మరీ ప్రకటిస్తుంటారు. ఇల్లు కదలని మేనల్లుడి కోసం లోకం ఇల్లు వదిలి వస్తోంది.

ఐపీఏ అంటే ఇండియా పేల్ ఏల్. హాప్స్ అనే తీగ పువ్వుల్ని దండిగా దట్టించిన బీరు. చేదూ వాసనా ఆ పువ్వులవే. ఆ బీరుతో నాకు పేచీ లేదు. మంచిది చేతికొస్తే బాగానే ఉంటుంది. నా పేచీ భక్తులతో. మీకిష్టమైన ఐపీఏ ఏది అని ఏ భక్తుణ్ణయినా అడిగి చూడండి. మీరున్న ఊళ్ళో, ఈ నెలలో, డబ్బిచ్చి కొనగలిగిన పేరు పొరపాటున కూడా చెప్పడు. ఇది వీళ్ళ మొదటి గొప్ప. వీళ్ళ శాస్త్రంలో అందనిదే అమృతం.

అమెరికాకు ఆ కొసన వర్మాంట్ ఉంది. అక్కడ వాటర్‌బరీ అనే చిన్న ఊళ్ళో ఆల్కెమిస్ట్ బ్రూవరీ వాళ్ళు హెడీ టాపర్ అనే ఐపీఏ చేస్తారు. 2011 ఆగస్టులో ఐరీన్ తుపాను వరద వాళ్ళ పబ్బును ముంచేసింది. ఆ రోజుల్లోనే క్యాన్లలో నింపి అమ్మడం మొదలుపెట్టారు. చాలాకాలం చుట్టుపక్కల ఊళ్ళకు తప్ప బయటికి పోనిచ్చేవాళ్ళు కాదు. దాంతో దానికి దైవత్వం వచ్చింది. రాష్ట్రాలు దాటి వచ్చే కార్ల రద్దీకి ఇరుగుపొరుగు గోల పెడితే 2013లో అక్కడి అమ్మకపు దుకాణాన్ని మూసుకోవాల్సి వచ్చింది. లైసెన్సు లేకుండా ఇంటర్నెట్‌లో అమ్మినందుకు వర్మాంట్‌లో ఒకరి మీద కేసు పెట్టిన ఘట్టం కూడా ఉంది. వర్మాంట్ వాడు కాలిఫోర్నియా సీసా కోసం, కాలిఫోర్నియా వాడు వర్మాంట్ క్యాను కోసం పార్సిళ్ళు మార్చుకుంటారు. పొరుగింటి పుల్లకూర రుచి అని మనవాళ్ళు ఒక్క ముక్కలో తేల్చేసిన సంగతిని వాళ్ళు కొరియరు ఖర్చు పెట్టుకుని నిరూపిస్తున్నారు.

ఇక వీళ్ళు చెప్పుకునే రెండో గొప్ప తిరుగుబాటు. పెద్ద కంపెనీల పల్చటి లాగర్ మీద తిరగబడ్డామంటారు. ఒకప్పుడు అది నిజమే. కాస్కేడ్ హాప్స్ 1972లో బయటికొచ్చాయి. 1975లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని యాంకర్ బ్రూవరీ వాటితో లిబర్టీ ఏల్ చేసింది. 1980లో సియెరా నెవాడా వాళ్ళు తమ పేల్ ఏల్‌తో వచ్చారు. బీరులో పంపరపనస వాసనేమిటని జనం ముక్కు చిట్లించే రోజుల్లో అలా చేయడానికి గుండె ఉండాలి. ఆ గుండెకు దండం పెట్టాల్సిందే.

ఇప్పుడు అదే అమెరికాలో ఏ బ్రూవరీకి వెళ్ళినా బోర్డు మీద ఏముంటుంది? ఐపీఏ, డబుల్ ఐపీఏ, ట్రిపుల్ ఐపీఏ, సెషన్ ఐపీఏ, బ్రూట్ ఐపీఏ, కోల్డ్ ఐపీఏ, పాలచక్కెర కలిపిన మిల్క్‌షేక్ ఐపీఏ. వాటిల్లో పడే హాప్స్? సిట్రా, మొజాయిక్, సిమ్కో. మళ్ళీ సిట్రా. ఇవి వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయ నుంచి వచ్చిన, ప్రైవేటు సంస్థల హక్కుల్లో ఉన్న రకాలు. పేటెంటు ఉన్నంతకాలం వాళ్ళ అనుమతి లేకుండా రైతు ఒక్క తీగ నాటడానికి వీల్లేదు. బీటీ పత్తి విత్తనాల రాయల్టీ మీద 2006లో మోన్‌శాంటోతో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే కొట్లాడింది కనుక ఈ ఏర్పాటు మన రైతుకు విడమరిచి చెప్పక్కర్లేదు. కంపెనీల పెత్తనం మీద తిరుగుబాటు చేస్తున్న వీరుడి గ్లాసులో ఉన్నది కంపెనీ సొత్తయిన పువ్వు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని సామెత. ఇక్కడ ఊరంతా ఉలిపికట్టెలే, దారి మాత్రం ఒక్కటే.

ఆ దారి ఎటు తిరిగితే భక్తులు అటు తిరుగుతారు. పదిహేను ఇరవయ్యేళ్ళ క్రితం చేదుదే రాజ్యం. ఐబీయూ అని ఒక కొలత ఉంది. హాప్స్ నుంచి దిగిన చేదు ఆమ్లం లీటరు బీరులో ఎన్ని మిల్లీగ్రాములుందో సుమారుగా చెబుతుంది. మామూలు లాగర్‌లో పది పదిహేను ఉంటే ఐపీఏలో అరవై డెబ్బై. అక్కడితో ఆగితే అది రుచి అయ్యేది, కానీ పందెం అయింది. డాగ్‌ఫిష్ హెడ్ బ్రూవరీ యజమాని, బీరు మరుగుతున్నంతసేపూ హాప్స్ రాలుతూనే ఉండాలని, పిల్లలు ఆడుకునే వణికే ఫుట్‌బాల్ బల్లను బీరు గుండిగకు తగిలించాడు. తొంభై నిమిషాల ఐపీఏ వచ్చింది, తర్వాత అరవై నిమిషాలదీ నూట ఇరవై నిమిషాలదీ వచ్చాయి. డెన్మార్క్ మిక్కెలర్ వాళ్ళయితే ఒక బీరుకు ‘1000 ఐబీయూ’ అనే పేరు పెట్టేశారు. వంద దాటాక మనిషి నాలుకకు తేడా తెలియదని బ్రూవరీల్లో పనిచేసేవాళ్ళే చెబుతారు. కానీ ఆ అంకె నాలుక కోసం కాదు గదా, పక్కవాడికి చెప్పడం కోసం. మన ఇళ్ళల్లో తరతరాలుగా కాకరకాయకు ఉప్పు రాసి, పిండి, చింతపండూ బెల్లం వేసి చేదును దారికి తెచ్చినవాళ్ళను మంచి వంటగత్తెలు అన్నారు. వీళ్ళు కాకరకాయను పచ్చిగా నమిలినవాడికి పతకం వేశారు.

అంతా అయ్యాక ఏమైంది? వర్మాంట్, మసాచుసెట్స్ నుంచి మబ్బుమబ్బుగా ఉండే హేజీ ఐపీఏ వచ్చింది. చేదు తగ్గించి, ఓట్స్ కలిపి, హాప్స్‌ను చివర్లో వేసి, పళ్ళరసంలా చేశారు. 2018లో అమెరికా బ్రూవర్స్ అసోసియేషన్ దాన్ని అధికారికంగా ఒక రకమని ఒప్పుకుంది. ఆ ఏడాదే గ్రేట్ అమెరికన్ బీర్ ఫెస్టివల్ పోటీకి అన్నిటికంటే ఎక్కువ ఎంట్రీలు అందులోనే వచ్చాయి. చేదు తాగలేనివాడు మగాడే కాదన్న నోటితోనే ఇప్పుడు చేదుంటే పాతచింతకాయ పచ్చడి అంటున్నారు. గ్లాసు మసకగా ఉంటే ఒకప్పుడు వెనక్కి పంపేవారు. ఇప్పుడు తేటగా ఉంటే అనుమానిస్తారు. నాలుకలన్నీ ఒకే ఏడాది ఒకే వైపు మారాయంటే, అభిరుచి పెరిగిందనాలా, సర్క్యులర్ వచ్చిందనాలా?

మూడో గొప్ప చరిత్ర. ఇది మన మీద పడే బాధ. మొదటి గుక్క దిగకముందే భక్తుడు కథ ఎత్తుకుంటాడు. పాపం ఇండియాలో ఎండకు మాడిపోతున్న తెల్లదొరలకు పంపిన బీరు దారిలో పాడైపోయేదట. లండన్ తూర్పున బో అనే చోట హాడ్జ్‌సన్ అనే మహానుభావుడు హాప్స్ దట్టించి, ఆల్కహాలు పెంచి ఐపీఏ కనిపెట్టి వాళ్ళ ప్రాణాలు కాపాడాడట. హైదరాబాద్ నుంచి సియాటిల్ వెళ్ళిన కుర్రాడికి కూడా ఈ కథ చెబుతారు, వాడి దేశం గురించి వాడికి జ్ఞానం ప్రసాదిస్తున్నట్టు.

నిజానికి నల్లటి పోర్టర్ బీరు కూడా అవే ఓడల్లో ఇండియాకు వచ్చేది. లక్షణంగా చేరేది. సోల్జర్లు దాన్నే ఇష్టంగా తాగేవారు. పేల్ ఏల్ ఎక్కువగా ఆఫీసర్లూ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులూ తాగేవారు. అందులో ఆల్కహాలు ఆ కాలానికి మామూలే. వేడి దేశాలకు పంపే బీరులో హాప్స్ ఎక్కువ వేయాలన్న సలహా హాడ్జ్‌సన్ పేరు మోగకముందే పుస్తకాలకెక్కింది. మరి ఆయన బీరే ఎందుకు అమ్ముడుపోయింది? ఆయన బ్రూవరీ ఈస్టిండియా ఓడలు ఆగే రేవుకు దగ్గర. పైగా ఓడ కెప్టెన్లకు పద్ధెనిమిది నెలల గడువిచ్చి సరుకిచ్చేవాడు. ఆయన కనిపెట్టిందేదైనా ఉంటే అది అరువు ఖాతా. 1820ల్లో ఆయన వారసులు ఆశకు పోయి, కెప్టెన్లను పక్కకు తోసి తామే ఎగుమతి చేసుకోబోయారు. ఈస్టిండియా కంపెనీ డైరెక్టరు మార్జోరిబ్యాంక్స్ బర్టన్ ఊరి బ్రూవర్ ఆల్సప్‌ను పిలిచి, అలాంటిదే నువ్వూ చెయ్యమన్నాడు. ఆల్సప్ మనిషి మొదటి నమూనా టీపాట్‌లో కాచాడని చెప్పుకుంటారు. బర్టన్ నీళ్ళలో జిప్సం ఎక్కువ. అందువల్ల ఆ బీరు లండన్ దానికంటే బాగా కుదిరి, హాడ్జ్‌సన్ల పని అయిపోయింది. ఇందులో త్యాగం లేదు, సాహసం లేదు. షావుకార్ల తగాదా ఉంది.

దీనికంటే పెద్ద తమాషా ఇంకోటి ఉంది. ఆ బర్టన్ బీరు పీపాల్లో నెలల తరబడి నిలవుండి, ఓడలో ఇంకో నాలుగైదు నెలలు ఆఫ్రికా చుట్టి వచ్చి మద్రాసులోనో కలకత్తాలోనో దిగేది. నిలవే దాని గుణం. నేటి భక్తుడు ముందు క్యాను తిరగేసి అడుగున తేదీ చూస్తాడు. మూడు వారాలు దాటితే మూతి తిప్పుకుంటాడు. స్టోన్ బ్రూవరీ వాళ్ళు ఫలానా తేదీలోపు తాగెయ్యాలని ఆ తేదీనే బీరు పేరులో పెట్టి అమ్ముతారు. హాప్స్ వాసన తొందరగా ఎగిరిపోతుంది కనుక తాజాగా తాగమనడంలో తప్పేమీ లేదు. అయితే మూలపురుషుడి పేరు చెప్పి కన్నీళ్ళు పెట్టుకోవడం మానేయాలి. ఆ మూలపురుషుడే నేడు గుమ్మంలోకి వస్తే, పాచిపోయావు పొమ్మని గెంటేసేది వీళ్ళే.

ఇష్టమైన బీర్ల జాబితాల భాగోతం కూడా చూడాలి. అమెరికాలో ఇంట్లో బీరు చేసుకునేవాళ్ళ పత్రిక జైమర్జీ ఏటా పాఠకుల్ని ఓటడిగేది. 2009 నుంచి ఎనిమిదేళ్ళు వరసగా పెద్ద ప్లినీదే మొదటి స్థానం. 2017లో మిషిగన్‌కు చెందిన బెల్స్ వాళ్ళ టూ హార్టెడ్ గెలిచింది. ఏడాది పొడవునా దొరికే బీరు, ఒక్క సెంటెనియల్ హాప్స్‌తోనే చేసింది. అమ్మయ్య, బుద్ధొచ్చింది అనుకున్నాం. 2021లో బెల్స్‌ను జపాన్ కిరిన్ గొడుగు కింద ఉన్న లయన్ సంస్థకు అమ్మేశారు. బ్రూవర్స్ అసోసియేషన్ నిబంధన ప్రకారం బయటి మద్యం కంపెనీ చేతిలో పాతిక శాతమో అంతకు మించో వాటా ఉంటే, చిన్న, స్వతంత్ర బ్రూవరీలకిచ్చే క్రాఫ్ట్ అనే పేరు ఆ బ్రూవరీకి చెల్లదు. అంటే అదే నీరు, అదే పువ్వు, అదే గుండిగ, రాత్రికి రాత్రి కులం పోయింది. అలాంటి వార్త రాగానే రుచి మారిందని చెప్పే నాలుకలున్నాయి. షేర్ల పత్రాలు చదవగల నాలుకలవి.

వీటికి 2025 వరకూ మార్కులు వేసిన రేట్‌బీర్ అనే సైటులో, బడ్వైజర్ యజమాని ఏబీ ఇన్‌బెవ్ పెట్టుబడి సంస్థ 2016లో వాటా కొంది. ఆ సంగతి 2017లో బయటపడింది, తర్వాత మొత్తం కొనేసింది. ఎవరి మీద తిరుగుబాటో వాళ్ళ పుస్తకంలోనే తిరుగుబాటుదార్లు హాజరు వేయించుకున్నారన్నమాట.

ఈ తంతు మనదాకా రాకుండా ఉంటుందా? హైదరాబాద్‌లో మైక్రోబ్రూవరీలు వచ్చాయి. సంతోషం. బయట మే నెల. బండి నిండా బంగినపల్లి, పక్క బండిలో నూజివీడు రసాలు. లోపల ఏసీలో మనవాడు గ్లాసులో ముక్కు దూర్చి కళ్ళు మూసుకుని, “మామిడి నోట్స్ వస్తున్నాయి బ్రో” అంటాడు. సముద్రాలు దాటి వచ్చిన పువ్వులో మామిడిపండును కనిపెట్టిన ఆనందం వాడిది. ఆ ఫలాల వాసనకు కారణమైనవాటిలో 4ఎంఎంపీ అనే గంధక సమ్మేళనం ఒకటి. సిట్రాలోనూ సిమ్కోలోనూ ఉంటుంది. తగుపాళ్ళలో ఉంటే పళ్ళ వాసన, మోతాదు మించితే పిల్లి మూత్రపు వాసన. రెండోది వచ్చినా, పక్కన రేటింగ్ బాగుంటే మనవాడికి మామిడే తగులుతుంది.

బీరు పోటీల్లో న్యాయనిర్ణేతలకు పేరు చెప్పకుండా గ్లాసిస్తారు. ఆ పని మీరూ చేయండి. నలుగురు కలిసినప్పుడు ఒకరు వంటింట్లో ఉండి నాలుగు రకాలు నాలుగు గ్లాసుల్లో పోయండి. వాటిలో ఒకటి పార్సిల్లో తెప్పించిన దేవత, ఒకటి సందు చివర కొట్లోది ఉండేలా చూడండి. గ్లాసు మీద అంకె తప్ప ఇంకేం ఉండకూడదు. ఫోన్లు పక్క గదిలో పెట్టండి. మార్కులు వేశాకే సీసాలు బయటికి తేవాలి. సందు చివర కొట్లోదే మీకు నచ్చిందని తేలిందా, పండగ చేసుకోండి. క్యూ తప్పింది, కొరియరు ఖర్చు తప్పింది, రేపు సాయంత్రం కూడా అది దొరుకుతుంది. అలా పండగ చేసుకోవడం చేతకాక ముఖం మాడిపోయిందంటే మాత్రం, ఇన్నాళ్ళూ మీరు తాగింది బీరు కాదు, పేరు.