ట్రాక్టరు నీదే, తాళం మాది

అమెరికా రైతు ట్రాక్టరు కొంటాడు, వాయిదాలు కడతాడు, పాపం అది తనదే అనుకుంటాడు. 2015లో జాన్ డీర్ కంపెనీ ఆ భ్రమ కాస్తా వదిలించింది. కొన్నవాడికి దక్కేది బండి బతికినన్నాళ్లూ నడుపుకునే అనుమతేనని కాపీరైట్ ఆఫీసుకు విన్నవించుకుంది. అదీ రాసిచ్చిన అనుమతి కాదు, ఉన్నట్టు భావించుకోవాల్సిన అనుమతి! ఇనుము నీది, అందులోని బుద్ధి మాది అన్నమాట.

రైతు ఆ బుద్ధిని, అంటే సాఫ్ట్‌వేర్‌ను ముట్టుకుంటే ఏ కొంప మునుగుతుందట? బండిలోని ఆడియో గుండా పాటల చౌర్యం జరగొచ్చట. మబ్బు కమ్ముకొస్తోంది, మొక్కజొన్న చేలో బండి మొరాయించింది, రైతు లాప్‌టాప్ తెరిచాడు. ఎందుకనుకున్నారు? పాటలు దొంగిలించడానికే!

ఈ దర్జా అంతా 1998 నాటి డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం, 1201 సెక్షన్ చలవ. నీ వస్తువుకే అయినా, కంపెనీ వేసిన డిజిటల్ తాళం తీస్తే తప్పే. కాదంటే మూడేళ్లకోసారి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ గుమ్మంలో మినహాయింపు కోసం చెయ్యి చాచాలి. ట్రాక్టరు బాగుచేసుకోవడానికి లైబ్రేరియన్ దయ! 2015లో ఆ దయ కలిగింది. అయితే అమలుకు ఏడాది ఆగాలి. ఆపైన యజమాని స్వహస్తాలతోనే విప్పుకోవాలి, మెకానిక్ చెయ్యి పడకూడదు. నీ పన్ను నువ్వే పీక్కో, డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్లకు అన్నట్టు. మెకానిక్‌కు 2018లో మోక్షం వచ్చింది. తాళం తీసే సాధనం అమ్మడానికి ఆ మోక్షమూ లేదు.

మా వైపు దమ్ము రోజుల్లో ట్రాక్టరు పెద్ద టైర్లు ఊడదీసి ఇనప చక్రాలు బిగిస్తారు. కంపెనీ అనుమతి ఉందా అని లేత్ షాపువాణ్ణి అడిగి చూడండి, స్పానరు పుచ్చుకుని వెంటపడతాడు.

అమెరికావాళ్లను చూసి నవ్వుకుంటూ ఇంతవరకూ టైపు చేసి, ప్రింటు కొట్టాను. నిన్ననే సగం ధరకు తెచ్చిన కాట్రిడ్జి. ‘అసలైనది కాదు’ అని ప్రింటరు ఎర్రదీపం వెలిగించి కూర్చుంది. ఇంకు నిండుగా ఉంది, కాగితం ఉంది, కరెంటూ ఉంది. డబ్బు సరేసరి, నాదే. రెండుసార్లు ఆపి వేశాను, ఒకసారి నెత్తిన మొట్టాను. ఉహూఁ.

చివరికి వ్యాసమంతా చేత్తో రాసి పంపుతున్నాను. పెన్ను ఒక కంపెనీది, రీఫిల్ ఇంకో కంపెనీది. ఇప్పటిదాకా పెన్ను ఏమీ అనలేదు.