చక్రావరోధ శిలాపద్యము – టీకా తాత్పర్య సహితము

మూలము

గోడ నుండి గజము కొలిచి నిల్పుము రాయి
బెత్తెడెత్తు మించఁ బెట్టవలదు
మూతి పొడవు కారు ముందుచక్రము తాఁకి
నిలిచిపోవు, గోడ నిలిచియుండు.

అవతారిక

పెనుకొండ మండలమున ఎర్రమంచి చెంత, 44వ జాతీయ రహదారి ప్రక్కన, కియా కర్మాగారము 2019లో తొలి సెల్టోస్ కారును బయలుదేరదీసిన పిమ్మట, హిందూపురపు కల్యాణమండపముల యెదుటను, ధర్మవరపు పట్టుచీరల దుకాణముల వాకిళ్లయందును కార్లు హెచ్చినవి గాని, వానిని నిలుపువారి చూపుకొలత హెచ్చలేదు. ముహూర్తము మించుచుండగా, ఎవరో ప్రక్కన నిలిచి "రానీ, రానీ" యని చేయి యూపుచుండగా, కారు వచ్చి గోడ సున్నమును బంపరున కలంకరించుకొనుట చూచి చూచి విసిగిన మేస్త్రీ యెవరో యీ యాటవెలదిని చెప్పియుండునని టీకాకారుని యూహ.

ప్రతిపదార్థము

గోడ నుండి = ఎదుటి గోడ మొదలుకొని; గజము = మూడడుగులు; కొలిచి = టేపుతో కొలిచి, కాలి అంగలతో గాక; రాయి = వీల్ స్టాపరును, అది సిమెంటుదైనను రబ్బరుదైనను; నిల్పుము = స్థాపింపుము; బెత్తెడెత్తు మించన్ = నాలుగు వేళ్ల వెడల్పు కంటె ఎత్తుగా; పెట్టవలదు = పెట్టకుము; మూతి పొడవు కారు = ముందుటిరుసును దాటి చాచుకొన్న దేహము గల కారు; ముందుచక్రము తాఁకి = ముందుచక్రము రాతికి తగులగా; నిలిచిపోవున్ = ఆగును; గోడ నిలిచియుండున్ = గోడ పెచ్చూడక యుండును.

తాత్పర్యము

మూడడుగులు విడిచి పొట్టిరాయి పెట్టినచో కారును గోడయు రెండును క్షేమము.

విశేషములు

పద్యమునకు ప్రాణస్థానము "గజము". కొందఱు లేఖకులు "గోడ నుండి మూర" అని పఠించెదరు. సూర్యగణమునకు బదులు సూర్యగణమే పడినది గనుక ఛందస్సు చెడదు, బంపరు చెడును. ఏలయన, కారు ఆగుట చక్రముచేత, తగులుట మూతిచేత. ఈ రెంటి నడిమి దూరము నెఱుగక రాయి పెట్టినవాడు పెట్టనివానితో సమానుడు. 2019 నాటి సెల్టోస్ పొడవు 4,315 మిల్లీమీటర్లు, ఇరుసుల నడుమ 2,610. తీసివేయగా మిగిలిన 1,705లో ఇంచుమించు సగము, అనగా 85 సెంటీమీటర్లు, ముందుటిరుసునకు ముందుండును. టైరు గుండ్రనిది గనుక బెత్తెడు రాతిని ఇరుసునకు దాదాపు జానెడు ముందుచోటనే తాకును. ఆ జానెడు పోగా, రాయి తగిలిన క్షణమున బంపరు రాతికి ఆవల 60 సెంటీమీటర్లకు పైగా చొచ్చియుండును. మూర యనగా 45 సెంటీమీటర్లు. కావున మూరపాఠము ననుసరించిన వాకిట కారు రాతిని చేరక మునుపే గోడను చేరును. గజపాఠమున గోడకును బంపరునకును నడుమ జానెడు మిగులును. టీకాకారుడు గజమునే గ్రహించినాడు.

ఎత్తు విషయమై పెనుకొండవారికి ఒక హెచ్చరిక అవసరము. కోట కట్టిన సీమయందు రాతికి కొదువ లేదు గనుక, చేతికందిన బండకు సున్నము పూసి దుకాణము ముందు దొర్లించుట యాచారమైనది. అట్టి యెత్తు బండ చక్రముకన్న ముందుగా బంపరు క్రింది యంచును పట్టి, కారు వెనుకకు పోవునపుడు దానిని ఊడబెఱుకును. నాలుగంగుళములు దాటనీయక, ఇనుపచువ్వలు నేలలోనికి దించి రాతిని బిగింపవలెను. బిగింపని రాయి కారుతోపాటు తానును ప్రయాణము చేయును.

రాతి పొడవు మాట కవి చెప్పలేదు. ఆరడుగులు చాలును. కారు నిలుపుటకై గీసిన రెండున్నర మీటర్ల వెడల్పు గడిలో ఆరడుగుల రాయి పోగా, రాతికి రాతికి నడుమ దాదాపు 67 సెంటీమీటర్ల సందు మిగులును. వాననీరును, పట్టుచీర కుచ్చెళ్లు చేతబట్టుకొని నడచు పెండ్లివారును ఆ సందున పోగలరు. రాత్రివేళ కాలికి తగులకుండుటకై పసుపురంగు పూయుట మేలు.

ఇక పూర్వపక్షము. కియా కర్మాగారమునుండియే 2020లో వెలువడిన కార్నివాల్ పొడవు 5,115 మిల్లీమీటర్లు. మనవారు గీయు గడుల పొడవు తఱచుగా 5,000. గోడను కాపాడుటకై రాతిని గోడకు దూరముగా జరిపినకొలది ఆ బండి తోక దారిలోనికి జరుగును, గోడకు తప్పిన దెబ్బ వెనుక పోవు ఆటోకు దక్కును. కవి దీనికి సమాధానము చెప్పలేదు. అట్టి బండ్లకు చివరి గడిని ఆఱు మీటర్లుగా గీయవలెనని, అందును రాయి గజము దూరముననే యుండవలెనని టీకాకారుని నిర్ణయము.