కడబంతిలో బ్యాండు మేళం

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని సామెత. దీన్ని పుట్టించిన పెద్దమనిషి పెళ్లిపందిట్లో ఎన్ని అవమానాలు దిగమింగి ఆ మాట అన్నాడోగానీ, బ్రిటన్, అమెరికాల్లో 1960లు, 70ల నాటి రాక్ సంగీత చరిత్రకు ఇంతకన్నా మంచి ముందుమాట ఇంగ్లీషులో కూడా లేదు. ఆ చరిత్రను మనకు వేరేగా చెబుతారు. పాటలో సరుకుంటే జనం వింటారు, లేకపోతే వినరు. బీటిల్స్ దగ్గర ఉంది కనక నిలిచారు, తక్కినవాళ్ల దగ్గర లేదు కనక పోయారు. వినడానికి ఇది పరీక్షా ఫలితాలంత న్యాయంగా ఉంటుంది. ఆ ఫలితాల మీద కోర్టుకెళ్లేవాళ్లు మన దగ్గర ఏటా ఉంటారన్నది వేరే సంగతి. సగం మరుపున పడిన బ్యాండ్లలో చాలావాటికి వంట చెడలేదు, వడ్డన చెడిందని నా వాదన. కూర అందని విస్తరిని చూసి వంటవాడికి ఉప్పూకారం తెలియదని తీర్పు చెప్పడం ఎంత సబబో, ఆ చరిత్ర కూడా అంతే సబబు.

దీనికి రుజువు కావాలంటే ఒకే కూరను రెండుసార్లు వడ్డించి చూడాలి. అదృష్టవశాత్తూ ఆ ప్రయోగం ఇదివరకే జరిగింది. వేల్స్‌లోని స్వాన్సీ ఊరి నుంచి వచ్చిన బ్యాడ్‌ఫింగర్ బృందాన్ని బీటిల్స్ తమ సొంత కంపెనీ ఆపిల్‌లో చేర్చుకున్నారు. (ఫోన్ల ఆపిల్ కాదు, అది అప్పటికి పుట్టలేదు.) 1970లో వాళ్ల 'నో డైస్' ఆల్బంలో 'వితౌట్ యూ' అనే పాట వచ్చింది. బ్రిటన్‌లోగానీ అమెరికాలోగానీ దాన్ని విడి రికార్డుగా వేయాలని సొంతవాళ్లకే తోచలేదు. అదే పాటను హ్యారీ నీల్సన్ పాడితే 1972లో రెండు దేశాల్లోనూ మొదటి స్థానం. మరాయా కేరీ పాడితే 1994లో బ్రిటన్‌లో మళ్లీ మొదటి స్థానం. రాసిన పీట్ హామ్, టామ్ ఎవాన్స్‌లకు మాత్రం ఒప్పందాల చిక్కులూ రాని డబ్బూ మిగిలాయి. హామ్ 1975లో, ఎవాన్స్ 1983లో తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. హాస్యం రాసేవాడు ఇక్కడ ఒక నిమిషం కలం కింద పెట్టాలి.

గొంతు మారింది కదా, పోలిక ఎలా కుదురుతుందని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే గొంతు కూడా మార్చకుండా చూద్దాం. సెయింట్ ఆల్బన్స్ కుర్రాళ్లు ఐదుగురు కలిసి పెట్టిన జాంబీస్ బృందం 1964లో 'షి ఈజ్ నాట్ దేర్'తో అమెరికాలో రెండో స్థానం దాకా వెళ్లి, ఆ తర్వాత చల్లబడింది. 1967లో వెయ్యి పౌండ్ల బడ్జెట్ చేతపట్టుకుని అబ్బీ రోడ్ స్టూడియోకి వెళ్లారు. బీటిల్స్ అక్కడ 'సార్జంట్ పెప్పర్' ముగించి కొద్ది వారాలే అయింది. జాన్ లెనన్ వదిలేసి వెళ్లిన మెలొట్రాన్ అనే వాయిద్యాన్ని వీళ్లు వాడుకున్నారు. పెద్దింటి పెళ్లి అయిపోయాక, చల్లారని పొయ్యి మీద, వాళ్ల గంగాళంలోనే మన పులిహోర కలుపుకున్నట్టన్నమాట. స్టీరియోలో కూడా కావాలని కంపెనీ అడిగితే ఆ ఖర్చు పాటలు రాసిన ఇద్దరూ సొంత జేబులోంచి పెట్టుకున్నారు. అట్ట మీద బొమ్మ వేసిన స్నేహితుడు ఆల్బం పేరులోని 'ఒడిస్సీ' అన్న మాటలో వై ఉండాల్సిన చోట ఈ రాశాడు. ఎవరూ చూసుకోలేదు. చూసుకున్నాక, అది కావాలనే రాసిందన్నారు. అచ్చుతప్పు దొరికినప్పుడు పత్రికలవాళ్లు కూడా సరిగ్గా ఇదే అంటారు. 1967 డిసెంబరులో బృందం విడిపోయింది. రికార్డు 1968 ఏప్రిల్‌లో బయటికొచ్చింది, విడాకులయ్యాక శుభలేఖలు పంచినట్టు. ఎవరూ కొనలేదు.

కథ అక్కడితో ముగియాలి. ముగియలేదు, ఎందుకంటే కొలంబియా కంపెనీలో పనిచేసే అల్ కూపర్ అనే అమెరికన్ లండన్ వచ్చి ఈ రికార్డు కొనుక్కున్నాడు. ఊరికే వినేసి ఊరుకోకుండా, తిరిగి వెళ్లి తన కంపెనీ అధ్యక్షుడు క్లైవ్ డేవిస్‌ని పట్టుకుని, దీన్ని అమెరికాలో వేసి తీరాలని పేచీ పెట్టాడు. వేశారు. అందులోని 'టైమ్ ఆఫ్ ద సీజన్' 1969లో బిల్‌బోర్డ్ పట్టికలో మూడో స్థానానికి చేరింది. పాట అదే, గొంతు అదే, అట్ట మీద అచ్చుతప్పు కూడా అదే. మారిందల్లా గరిటె పట్టుకున్న చెయ్యి. ఆ గొంతు సొంతదారు కాలిన్ బ్లన్‌స్టోన్ బృందం విడిపోయాక బ్రతుకుతెరువు కోసం ఒక బీమా ఆఫీసులో దొంగతనాల విభాగంలో కాగితాలు చూసుకుంటున్నాడు. ఈ విభాగం సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇదే కొలంబియా గరిటె ఇంకో బంతిలో ఏం చేసిందో చూడాలి. మెంఫిస్ నగరంలో 1971లో నలుగురు కలిశారు. స్టూడియో దగ్గరున్న కిరాణా దుకాణం పేరు బిగ్ స్టార్ అయితే అదే పెట్టేసుకున్నారు. మన దగ్గర పెద్ద హీరో కావాలనుకునే కుర్రాడు కనీసం జాతకమైనా చూపించుకుంటాడు. వీళ్లు పప్పూ ఉప్పూ కొనే చోట ముహూర్తం పెట్టించుకున్నారు. అది చాలక, 1972లో వచ్చిన తొలి ఆల్బంకి 'నంబర్ వన్ రికార్డ్' అని నామకరణం చేశారు. విమర్శకులు ఆకాశానికెత్తారు. దుకాణాల్లో మాత్రం సరుకు లేదు. స్టాక్స్ అనే కంపెనీ పంపిణీ చూడాలి. అది ఆ ఏడాదే ఆ బాధ్యతను కొలంబియాకి అప్పగించింది. అప్పగింతల హడావుడిలో పెళ్లికూతుర్ని విడిదిలో మరిచిపోయారు. మొదట్లో అమ్ముడైనవి పదివేలకు లోపే. 1973 మేలో మెంఫిస్‌లో రాక్ విమర్శకుల సమావేశం పెట్టి, వాళ్ల ముందు ఈ బృందంతో వాయిస్తే, చేతులు కట్టుకుని కూర్చోవడమే వృత్తిగా గల ఆ జాతి లేచి గంతులేసింది. కానీ విమర్శకుడికి రికార్డు ఉచితంగా వస్తుంది. కొనే అలవాటు లేనివాళ్లందరికీ నచ్చిన సరుకుతో వ్యాపారం ఎంతకాలం సాగుతుంది? స్టాక్స్‌తో పొత్తు కుదుర్చుకున్న క్లైవ్ డేవిస్‌ని కొలంబియా ఆ మే నెలలోనే పంపించేసింది. తర్వాత రెండు కంపెనీల మధ్యా తగువులు, మధ్యలో రెండో ఆల్బం కూడా గోదాట్లో కలిసింది. పదహారేళ్లకే 'ద లెటర్' అనే పాటతో అమెరికా మొదటి స్థానం చూసిన, ఈ బృందంలోని అలెక్స్ చిల్టన్, 80ల మొదట్లో న్యూ ఆర్లీన్స్‌లో హోటల్ గిన్నెలు కడిగాడు.

పేర్లు అలా పెట్టుకుంటే ఎవరేం చేస్తారు, తప్పు వాళ్లదే అనే వాదన ఒకటుంది. దీనికి పెద్ద సాక్ష్యం డెట్రాయిట్‌లోని హాక్నీ సోదరులు ముగ్గురు. వాళ్ల బ్యాండు పేరు 'డెత్'. మృత్యువు, ఇంకేమీ లేదు. 1975లో ఏడు పాటలు రికార్డు చేశారు. పేరు మార్చుకోండని ఒక పెద్ద కంపెనీ మనిషి అడిగాడు. ఆయన మన క్లైవ్ డేవిసే. ఏ బంతిలో చూసినా ఈయనే తిరుగుతుంటాడు! అన్న డేవిడ్ ససేమిరా అన్నాడు. చివరికి సొంతంగా ఐదు వందల రికార్డులు వేసుకుని ఊరుకున్నారు. ఆ పాటలన్నీ 2009లో బయటికొచ్చేసరికి డేవిడ్ పోయి తొమ్మిదేళ్లయింది. మొండితనం ఉందని ఒప్పుకుంటాను. కానీ పేరే అడ్డమైతే, 'కృతజ్ఞులైన మృతులు' అని అర్థం వచ్చే గ్రేట్‌ఫుల్ డెడ్ ముప్ఫై ఏళ్లు ఎలా ఊరేగింది? గాల్లోకి లేవని సీసపు బెలూన్ అన్న వేళాకోళం నుంచి పేరు పుట్టించుకున్న లెడ్ జెప్లిన్ ఎలా ఎగిరింది? అమ్ముడైన పేరు విచిత్రంగా ఉంటే చమత్కారమంటాం, అమ్ముడుకానిదైతే అపశకునమంటాం.

ఇక అసలు బరువున్న ఆక్షేపణ: మరుపున పడినవాళ్లలో ఎక్కువమంది నిజంగానే బాగా వాయించలేదు కదా? లేదు, ఒప్పుకుంటున్నాను. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఫ్రీమాంట్ అనే పల్లెలో విగిన్ అక్కాచెల్లెళ్ల చేత, చేతిరేఖలు చూసిన వాళ్ల నాయనమ్మ జోస్యం నిజం చేయడానికి వాళ్ల నాన్న షాగ్స్ అనే బ్యాండు పెట్టించాడు. 1969 నాటి వాళ్ల రికార్డులో డ్రమ్ము ఒక ఊరికి పోతుంటే గిటారు ఇంకో ఊరికి పోతుంది. వేసిన వెయ్యి కాపీల్లో తొమ్మిది వందలు మాయమయ్యాయి. కానీ 1980లో వేరే సంగీతకారులు దాన్ని వెతికి తీసి మళ్లీ వేయించారు. నిర్వాణా బృందపు కర్ట్ కోబేన్ తనకిష్టమైన ఆల్బంల జాబితాలో ఐదోదిగా రాసుకున్నాడు. ఉడకని అన్నం కూడా సరైన చెయ్యి వడ్డిస్తే ప్రసాదమైంది. ఈ సాక్షి అవతలి పక్షం తరఫున వచ్చి నా పక్షానే మాట్లాడి వెళ్లాడు.

మంచిది ఎప్పటికైనా బయటపడుతుంది, నువ్వు పేర్లు చెప్పగలగడమే అందుకు రుజువు అంటారు. దొరికినవాళ్ల పేర్లే చెప్పగలం మరి. పోయిన ఉంగరాలన్నీ చేప కడుపులో దొరుకుతాయని శకుంతల కథ ఒక్కటి చూసి నమ్మడం లాంటిది అది. పైగా దొరకడానికి పట్టే దారులు చూడండి. కలకత్తాలో 1975లో పుట్టిన మొహీనేర్ ఘోడాగులి, అంటే మహీన్ గుర్రాలు, 1981కల్లా ఆగిపోయింది. వాళ్ల బెంగాలీ బాణీ 2006లో 'గ్యాంగ్‌స్టర్' హిందీ సినిమాలో 'భీగీ భీగీ'గా వచ్చింది. దాన్ని కూనిరాగం తీసిన తెలుగు కుర్రాళ్లలో ఎంతమందికి ఆ గుర్రాల సంగతి తెలుసు? మన దేశంలో సినిమా ఒక్కటే గరిటె, అది ఏ గిన్నెలో ముంచితే ఆ కూరే అందరి విస్తట్లో పడుతుంది.

ఇప్పుడు దొంగతనాల విభాగానికి వద్దాం. 1969లో 'టైమ్ ఆఫ్ ద సీజన్' అమెరికాలో మోగుతున్నప్పుడు జాంబీస్ లేరు, కచేరీకి గిరాకీ ఉంది. అక్కడి ఏజెంట్లు కొందరు వేరే కుర్రాళ్లని పోగేసి, జాంబీస్ వీళ్లేనని ఊళ్లు తిప్పారు. ఇంగ్లండులో ఐదుగురున్న బృందం టెక్సాస్‌కి వచ్చేసరికి నలుగురైంది. ఆ నలుగురిలో డస్టీ హిల్, ఫ్రాంక్ బియర్డ్ అనే ఇద్దరు తర్వాత జీజీ టాప్ బృందంలో చేరి లోకప్రసిద్ధులయ్యారు. అసలు జాంబీస్‌ని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి 2019లో పిలిచారు. నకిలీ జాంబీలిద్దరూ 2004లోనే వెళ్లి కూర్చున్నారు.