కలువాయి చిట్టీకి టీకా తాత్పర్యం

అవతారిక. పడమట వెలికొండలు, పక్కన సోమశిల నీళ్లను కండలేరుకు మోసే కాలువ. ఆ నడుమనున్న కలువాయిలో పాత మారుతి ఆల్టో ఒకటి మెకానిక్ షెడ్డుకు చేరింది. నెల్లూరులో సామాను కొనుక్కు రమ్మని మెకానిక్ యజమాని చేతికి ఒక చిట్టీ రాసిచ్చాడు. ఆ చిట్టీయే ఇక్కడ మూలం. అందులో అర్థం లోతుగా ఉంది, రాసినవాడికేమో విడమరిచి చెప్పే తీరిక లేదు. కాబట్టి వ్యాఖ్య తప్పలేదు. మెదక్ సీమ కొల్చారం వాడైన మల్లినాథసూరి, కాళిదాసుకు వ్యాఖ్య రాసేటప్పుడు మూలంలో లేనిది రాయనని కట్టుబాటు పెట్టుకున్నాడు. ఇక్కడి వ్యాఖ్యాతకు ఆ సుఖం లేదు. మూలంలో ఉన్నదే విరిగిపోయింది.

మూలం. “ముందర ఎడం పక్క కొట్టుకుంటా ఉండాది. బార్ ఇరిగిపోయింది. అతికిస్తే నిలవదు. బార్ మార్చాల, బుష్‌లు అన్నీ కొత్తవి. అదే సైజు.”

టీక. కొట్టుకుంటా ఉండాది = టకటకమని చప్పుడు చేయుచున్నది. ఆలంకారికులు ధ్వనికి వేసిన పెద్దపీట మెకానిక్కులూ వేస్తారు. రెండు చక్రాలూ ఒక్కసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే అంతగా వినపడని శబ్దం, ఒక చక్రమే గుంతలో పడ్డప్పుడు గట్టిగా వచ్చిందంటే అనుమానం స్టెబిలైజర్ బార్ మీదికీ దాని బుష్‌ల మీదికీ పోవాలి.

బార్ = రెండు ముందు చక్రాలనూ కలిపే వంపు తిరిగిన ఉక్కు కడ్డీ. నడుమ భాగం రబ్బరు బుష్‌లతో బండి అడుగుకు బిగించి ఉంటుంది, కొసలు రెండూ చక్రాలను కింద పట్టి ఉంచే రెండు లోయర్ ఆర్మ్‌లకు. చక్రాలు రెండూ సమంగా లేస్తే ఇది బుష్‌లలో ఊరికే తిరుగుతుంది, అడ్డు చెప్పదు. మలుపులో బండి ఒక పక్కకు ఒరిగినప్పుడు మాత్రం తడిగుడ్డ పిండినట్టు మెలిపడి, ఆ ఒరుగుడును పట్టి నిలుపుతుంది. కెనడాలోని ఫ్రెడరిక్టన్ వాడైన స్టీఫెన్ కోల్‌మన్‌కు 1919లో దీనిమీద పేటెంటు దక్కింది.

మెలిపడే ఉక్కు కడ్డీయే ఈ బార్ అని లక్షణం చెబితే అతివ్యాప్తి దోషం వస్తుంది. అంబాసిడర్ ముందు చక్రాలకూ మెలిపడే కడ్డీలున్నాయి. అయితే అవి స్ప్రింగుల బదులు బండి బరువు మోసేవి. ఈ బార్ బరువు మోయదు. కుడి ఎడమలకు తేడా వస్తేనే పనిలోకి దిగుతుంది.

ఇక అసలు సంగతి. ఆల్టో కేటలాగులో కంపెనీ వారు దీన్ని ‘టార్షన్ టైప్ రోల్ కంట్రోల్ డివైస్’ అన్నారు. పేరు పొడుగే గానీ అర్థం సగమే. ఈ బండిలో బార్ కొస నేరుగా లోయర్ ఆర్మ్‌లోకి దూరి, అవతల నట్టుతో బిగుస్తుంది. దానివల్ల ఒరుగుడును ఆపడమే కాక, చక్రం ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టి ఉంచే పనీ దీని మీదే పడింది. పాత మారుతి 800లోనూ ఇదే ఏర్పాటు. ఇక్కడ అలంకారం శ్లేష. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామాయణమూ భారతమూ అయినట్టు, ఒకే కడ్డీ రెండు కథలు నడుపుతోంది. కడ్డీ విరిగితే రెండు కథలూ ఆగుతాయి.

బార్‌కు విడిగా లింకు రాడ్లుండి, లోయర్ ఆర్మ్ తనంతట తాను నిలబడే బళ్లలో అయితే, బార్ విరిగినా బండి ఒరుగుతూ నెమ్మదిగా ఇల్లు చేరుతుంది. ఆల్టోలో అలా కాదు. బ్రేకు తొక్కితే ఆ పక్క చక్రం వెనక్కి జరగవచ్చు, స్టీరింగు ఒక పక్కకు లాగవచ్చు. అలాంటి బండిని షెడ్డు దాకా నడిపి తేవడం ధైర్యం కాదు, తెలియనితనం.

పూర్వపక్షం. “వెల్డింగ్ పెడితే పోలా అన్నా? మొన్న గుంతలో పడబట్టే కదా ఇరిగింది!” అని యజమాని.

సిద్ధాంతం. మొన్నటి గుంత నిరపరాధి. విరిగిన ముఖాన్ని వెలుతురులో పెట్టి చూస్తే రెండు రంగులు కనిపిస్తాయి. ఒక అంచున నల్లబడి, తుప్పుపట్టి, నున్నగా ఉన్నది పాత పగులు. మిగతాది కొత్తగా తెగి, గరుకుగా, రవ్వరవ్వగా మెరుస్తుంది. వంపు దగ్గరో బుష్ అంచునో రంగు లేచిపోయి, అక్కడ తుప్పు చిన్న గుంట చేసి, మెలిపడ్డ ప్రతిసారీ ఆ పగులు వెంట్రుకవాసి లోపలికి పోయింది. మొన్నటి గుంత మిగిలిన కాస్తనూ తెంచింది, అంతే. నేరం మాత్రం రోడ్డు మీద పడింది, మన రోడ్లకు అది అలవాటే.

ఇక వెల్డింగ్. ఇది స్ప్రింగ్ ఉక్కు, కాల్చి చల్లార్చి, మళ్లీ వేడిచేసి పదును కుదిర్చినది. వెల్డింగ్ వేడికి ఆ పదును చెడుతుంది. అతుకు నిలిచినా, దాని పక్కనే పెళుసుబారిన చోట మళ్లీ విరుగుతుంది. కాబట్టి ‘నిలవదు’ అన్న మూలకారుని మాట శిరోధార్యం.

పాఠాంతరం. “ఎటూ మారుస్తా ఉండావు గదా, ఇంకాస్త లావుది వెయ్యి” అని యజమానితో వచ్చిన కుర్రవాడి పాఠం. మర్రిపాడు దాటి బద్వేలు వైపు కొండ మలుపుల్లో బండి అతుక్కుపోవాలని వాడి ఆశ. వాడు లెక్క చూసుకోలేదు. కడ్డీ మెలిబిగువు దాని మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల కడ్డీని 22 చేస్తే పెరిగిన మందం పది శాతం, పెరిగిన బిగువు 46 శాతం. 24 చేస్తే రెట్టింపు దాటుతుంది. ఒరుగుడు తగ్గే మాట నిజమే. దాంతోపాటు ఒక చక్రం తిన్న దెబ్బ రెండో చక్రానికీ మరింతగా పాకుతుంది. ముందర మాత్రమే లావైతే మలుపులో ముందు చక్రాలు బయటికి జారే గుణం పెరుగుతుంది. పైగా ఆల్టోలో కడ్డీ లావైతే బుష్‌లూ ఆర్మ్ రంధ్రమూ ఒప్పుకోవు. రేసు ట్రాకు మీద ఈ పాఠం సాధువు కావచ్చు, కలువాయిలో అసాధువు. ‘అదే సైజు’ అన్నదే గ్రాహ్యం.

తాత్పర్యం. బార్, బుష్‌లు కొత్తవి, కంపెనీ కొలతవి కొనుము.

విశేషం. చిట్టీలో లేనివి, షెడ్డులో చూడవలసినవి కొన్ని ఉన్నాయి. బార్ బిగించేటప్పుడు ఒక పక్కే జాకీ ఎత్తితే కడ్డీ మెలిపడి బోల్టులు కుదరవు. రెండు పక్కలా సమంగా ఎత్తి, స్టాండ్ల మీద నిలపాలి. బుష్‌ల చివరి బిగింపు బండి నేలమీద తన బరువుతో నిలబడ్డాకే. కొసన నట్టుకు స్ప్లిట్ పిన్ కొత్తదే వేయాలి, పాతది సాపుచేసి వేస్తానంటే ఒప్పుకోవద్దు. తర్వాత అలైన్‌మెంట్ చూపించాలి. ఆల్టో గానీ 800 గానీ ఉన్నవాళ్లు, బ్రేకు తొక్కినప్పుడు ముందు కింద టక్కుమంటుంటే, పెంచలకోన ప్రయాణం ఒక రోజు వాయిదా వేసి ముందు బండి కింద చూపించుకోండి.