ఐదు కప్పుల పద్యం: టీకా తాత్పర్యం

అవతారిక

టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో నగరపు బాస్కెట్‌బాల్ జట్టు స్పర్స్. ఆడేది అమెరికా లీగు ఎన్‌బీఏలో. 1997లో టిమ్ డంకన్ చేరిన నాటి నుంచి 2016లో ఆట మానేదాకా 19 సీజన్లూ ఒక్కటి తప్పకుండా ప్లేఆఫ్స్ ఆడింది. అయినా ‘బోరు జట్టు’ అన్న నింద మోసింది. ఆ నింద సహించలేక పుట్టిన ఆటవెలది ఇది. కవీ వ్యాఖ్యాతా ఒకరే. వ్యాఖ్యానానికి వేరొకరు ఒప్పుకోలేదు.

మూలం

పలక దాకి బంతి పడు గంపలోపల
ముఖము మీద నవ్వు మొలక లేదు
ఐదు కప్పులొచ్చె నరవక గొణగక
స్పర్సు వంటిదొక్క జట్టు గలదె!

టీక

బంతి = తోలుబంతి; పలకన్ = బుట్ట వెనకనున్న బోర్డును; తాకి = ఏటవాలుగా తగిలి; గంపలోపలన్ = పదడుగుల ఎత్తున బిగించిన ఇనుప కడియం నడుమ; పడున్ = పడును. వేసినవాడెవడో కవి చెప్పలేదు. డంకన్ అని అధ్యాహారం. ఎడమపక్క నిలబడి, బోర్డు మీది చదరాన్ని గురిచూసి కొట్టడం అతని నిత్యకృత్యం. ఎగిరి కడియానికి వేలాడితే జనం లేచి నిలబడతారు. పలక షాటుకు స్కోరుబోర్డు మీద అంకె మారుతుంది, అంతే. అతనికి ‘బిగ్ ఫండమెంటల్’ అని బిరుదిచ్చినవాడు ఎగిరి వేలాడే వర్గానికి చక్రవర్తి, షకీల్ ఓనీల్.

‘గంప’ గ్రామ్యం కాదు. 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో నైస్మిత్ మాస్టారు ఈ ఆట కనిపెట్టినప్పుడు బాల్కనీకి కట్టించినవి పీచ్ పండ్ల గంపలే. అడుగు ఊడని గంపలు కనుక, పడిన బంతిని ఎవరో ఒకరు పైకెక్కి తీయవలసి వచ్చేది. ‘కప్పులొచ్చె’ మాత్రం గ్రామ్యమే. ‘కప్పులు వచ్చె’ అంటే గణం చెడుతుంది. ఎన్‌బీఏ ట్రోఫీ కప్పు ఆకారంలో ఉండదని ఇంకొక ఆక్షేపణ. మనవాళ్లు గెలిచి తెచ్చిన దేనినైనా కప్పే అంటారు.

జట్టు = ఏరి కూర్చుకున్న గుంపు. మనూ జినోబిలి 1999 డ్రాఫ్టులో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే తంతులో, 58 మందిలో 57వ వాడు. టోనీ పార్కర్ 2001లో 28వ వాడు. మిగతా జట్లు చూసి వదిలేసిన సరుకు. 2009 అక్టోబరు 31 రాత్రి ఆట నడుస్తుండగా సొంత కోర్టులోకి గబ్బిలం దూరితే, జినోబిలి ఒంటిచేత్తో కొట్టి నేలకు దించాడు. తర్వాత రేబిస్ ఇంజెక్షన్లు పొడిపించుకున్నాడు. పద్యానికి దీనితో పనిలేదు గానీ, చెప్పకుండా ఉండలేకపోయాను.

పూర్వపక్షాలు

‘నవ్వు మొలక లేదు’ అనడం అసత్యమని ఒకరు. 2007 ఏప్రిల్‌లో డల్లాస్‌తో ఆటలో డంకన్ బెంచీ మీద కూర్చుని నవ్వాడని రిఫరీ జోయీ క్రాఫర్డ్ అతన్ని బయటికి పంపాడు గదా అంటారు. సమాధానం: కవి ‘మొలక’ అన్నాడు. మొలిచింది, రిఫరీ వెంటనే పీకేశాడు, లేకుండా పోయింది. తర్వాత లీగు ఆ రిఫరీని ఆ సీజన్ ముగిసేదాకా పక్కనబెట్టింది. కప్పు స్పర్స్‌కే వచ్చింది. పైగా ‘ముఖము మీద’ అన్న విశేషణం వ్యర్థం కాదు. 2012లో ఒకనాడు డంకన్‌కు విశ్రాంతినిచ్చి, స్కోరుషీటులో ‘ఆడలేదు’ పక్కన కారణం ‘ముసలితనం’ అని రాయించారు. ఆ జట్టు నవ్వు ముఖాన ఉండదు, కాగితం మీద ఉంటుంది.

‘అరవక’ అనడానికి అప్పటి కోచ్ గ్రెగ్ పొపోవిచ్చే ప్రత్యక్ష ఖండన అని ఇంకొకరు. ఆయన రిఫరీల మీద అరిచాడు, విలేకరుల మీద విసుక్కున్నాడు, డంకన్‌నూ వదల్లేదు. నిజమే. కానీ ‘అరవక’ వ్యతిరేక క్త్వార్థకం. దానికీ సమాపక క్రియకూ కర్త ఒకటే ఉండాలి. ‘వచ్చె’కు కర్త కప్పులు. కాబట్టి అరవనివి, గొణగనివి కప్పులే. పొపోవిచ్ ఈ పద్యం పరిధిలోకి రాడు. ఊరు కూడా రాదు: కప్పు గెలిచిన ప్రతిసారీ ఆటగాళ్లను పడవలెక్కించి రివర్ వాక్ వెంట తెప్పోత్సవం చేస్తూ గొంతులు పోయేలా అరుస్తుంది.

పాఠాంతరం

‘ఆరు కప్పులొచ్చె’ అని ఒక పాఠం ఉండవలసింది. గణం సరిపోతుంది, యతి కుదురుతుంది. చరిత్ర ఒక్కటే కుదరదు. 2013 ఫైనల్స్ ఆరో ఆట, మయామిలో. 28 సెకన్లున్నాయి, స్పర్స్ ఐదు పాయింట్ల ఆధిక్యంలో ఉంది. ట్రోఫీ వేడుకకోసం కోర్టు చుట్టూ పచ్చతాడు కట్టడానికి సిబ్బంది వచ్చేశారు. 5.2 సెకన్లుండగా మయామి ఆటగాడు రే అలెన్ మూలకు వెనకడుగు వేసి మూడు పాయింట్ల షాటుతో స్కోరు సమం చేశాడు. ఓవర్‌టైములో ఓటమి. ఏడో ఆటా పోయింది. దాని చివర్లో దగ్గరి షాటు పోగొట్టుకున్న డంకన్ రెండు అరచేతులతో నేలను చరిచాడు. ‘గొణగక’ అన్న పదానికి అతని జీవితంలో అంతకన్న గట్టి పరీక్ష నేనెరగను.

మరుసటేడు మళ్లీ మయామే ఎదురొచ్చింది. మనకు పొద్దున్నే ఐదున్నరకో ఆరున్నరకో మొదలయ్యేవి ఆ ఆటలు. ఐదింట్లో నాలుగు గెలిచారు. నాలుగింట్లోనూ తేడా 15 పాయింట్లకు తగ్గలేదు. ఫ్రాన్సు, అర్జెంటీనా, బ్రెజిల్, ఆస్ట్రేలియా, ఇటలీల చేతులు మారుతూ బంతి ఎక్కడా నిలవలేదు. మంచి షాటు దొరికినవాడు ఇంకా మంచి షాటు ఉన్నవాడికి అందించేవాడు. అంత అందమైన ఆటను బోరు అన్నవాడితో వాదించడానికి ఏ శాస్త్రమూ చాలదు.

తాత్పర్యం

స్పర్స్‌లాంటి జట్టు లేదు.

ఫలశ్రుతి

దీన్ని నిత్యం పఠించినవారికి ఫ్రీ త్రోలు తప్పక పడతాయని రాయాలనే ఉంది. అయితే డంకన్ కూడా పదింటికి మూడు పోగొట్టేవాడు. కనుక ఏడింటికే పూచీ.